గోపమ్మ మట్టిగాజులు

నేరేడుచర్లలో మా వీధి పిల్లల ముక్కులన్నీ గోపమ్మ దిద్దినవే. కాళ్లు చాపుకుని, వాటి మీద పసిబిడ్డను పడుకోబెట్టి నీళ్లు పోస్తుంటే చేతుల నిండా మట్టిగాజులు గలగలమనేవి. ఆ చప్పుడుకే పిల్లలు ఏడుపు మానేవాళ్లట. నా ముక్కొక్కటే వంకర పోయింది. అదేంటని అడిగితే, "నీ ముక్కు నా మాటింటే గద" అనేది.

అలాంటి మనిషికి సొంత మనవరాలి దగ్గర బుద్ధి గడ్డి తిన్నది. కోడలు నవ్యకు నెల ముందే, పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. "నొప్పుల్లేవు గద, అమాస ఎల్లనియ్. రేపు పోదం" అంది గోపమ్మ. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. సాయంత్రానికి నవ్య ఒళ్లు కాలిపోతుంటే కొడుకు ప్రశాంత్ ఇక వినలేదు. ఆటో మాట్లాడి మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోయాడు.

పాప పుట్టింది కానీ ఏడుపు పీలగా ఉంది. "నీళ్లు పోయినంక ఆగొద్దమ్మా. నొప్పులున్నా లేకున్నా వెంటనే రావాలె. ఆలస్యమైతే క్రిములు లోపలున్న బిడ్డకు చేరతయి" అంది డాక్టరమ్మ. పాపకు రక్తపరీక్షలు చేసి, సూదిమందులు మొదలుపెట్టారు. గోపమ్మ వార్డు బయట కూలబడి ఏడ్చింది. ఆమె భర్త కొండల్, రైస్‌మిల్లు హమాలీ, పక్కనే వీపు నిమురుతూ కూర్చున్నాడు.

నాలుగు రోజులకు పాప కాస్త తేరుకుంది. నవ్య ఇంకా లేవలేకపోతోంది. పాపను ఎదకు హత్తుకుని వెచ్చగా ఉంచడానికి నర్సు గోపమ్మను పిలిచింది.

"ఉంగరాలు, గాజులు తీసి మోచేతుల దాకా సబ్బుతోటి కడుక్కో అమ్మా. గాజుల సందుల మురికి ఉంటది."

మొగుడు బతికుండగా మట్టిగాజులు తీయడమా? కొత్తవి తొడుక్కునేటప్పుడు కూడా పాతది ఒకటి చేతికి ఉంచుకునే మనిషి ఆమె. భయంగా కొండల్ వైపు చూసింది.

"తియ్యి. నాకేం గాదు" అన్నాడు.

"ఏమన్న అయితే సూస్త నీ సంగతి" అంది కళ్లు తుడుచుకుంటూ. సబ్బు రాసి ఒక్కొక్కటే తీసి అతని జేబులో వేసింది.

పాప గట్టిపడి ఇంటికొచ్చింది. బొడ్డు ఊడి, డాక్టరమ్మ సరేనన్నాకే గోపమ్మ నీళ్లు పోయడానికి కూర్చుంది. ముక్కు పిండలేదు, నోట్లో వేలు పెట్టలేదు. గాజులు ముందే తీసి కొండల్‌కిచ్చింది. నీళ్లు పడగానే పాప ఏడుపు అందుకుంది.

గడప దగ్గరున్న కొండల్ జేబులోంచి గాజులు తీసి మెల్లగా ఊపాడు. పాప ఊరుకుంది.

"ఆపకు" అంది గోపమ్మ.