స్కోపుకు పెట్టిన నలుగు

ఆర్మూర్‌లో ఇప్పుడు చాయ్ కాగితం కప్పుల్లో వస్తోంది. కప్పు అనడం మర్యాదకే, దగ్గు మందు సీసా మూతకు అది అక్క అవుతుంది. రెండు గుటకలు, అంతే. దీన్ని వన్ బై టూ చేయమంటే హోటలతను మనల్ని జాలిగా చూస్తాడు. అందరూ అడగడం మానేశారు. ఒక ఊరు చాయ్ పంచుకోవడం మానేసిందంటే ఎవరో ఒకరు వినతిపత్రం ఇవ్వాలి. నేను ఇవ్వలేను. ఆ విషయంలో నా చేతులు అంత శుభ్రంగా లేవు.

మీకు అదే చెప్పాలని కూర్చున్నాను. తొమ్మిదేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మా షాపులోని పాత ఆసిలోస్కోపు కూడా బరువైనదే, ఒక్కడే ఎత్తితే నడుం పట్టేస్తుంది. కానీ దానికి పైన పిడి ఉంది. నా బరువుకు అది కూడా లేదు.

మా షాపు అంటే ఖాదర్ ఉస్తాద్ రిపేరు షాపు. బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్స్ చదివి, ఇంకేమీ దొరక్క అందులో చేరాను. ఉస్తాద్ నన్ను పేరుతో పిలవడు, "డిగ్రీ" అంటాడు. ఇక స్కోపు అంటే, తీగలో కరెంటు ఎలా నడుస్తోందో చిన్న గుండ్రటి అద్దం మీద ఆకుపచ్చ గీతగా గీసి చూపించే పెట్టె. నిజామాబాద్‌లో ఎక్కడో పాత సామాను వేలం వేస్తే, ఉస్తాద్ దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. ఎవరికీ లొంగని బోర్డులు కూడా ఆ గీత ముందు తప్పు ఒప్పుకునేవి. నేను బోర్డును కాను కాబట్టి ఒప్పుకోలేదు.

పక్కది గంగారెడ్డి కాక గిర్ని. గిర్ని అంటే మర, అందులో పసుపు పడతాడు. రెండు షాపుల మధ్య నడుమెత్తు గోడ. రోజూ పదకొండింటికి హోటల్ నుంచి ఒక్క చాయ్ వచ్చేది. కాక దాన్ని తన రెండు గాజు గ్లాసుల్లో సమంగా పోసి, ఒకటి గోడ మీద పెట్టేవాడు. ఉస్తాద్ చూడకుండానే చేయి చాచి అందుకునేవాడు. చెరొక చాయ్ తాగలేని వాళ్లు కాదు. సగం తాగితేనే వాళ్లకు నిండుగా తాగినట్టు ఉండేది.

నేను చేరిన మూడో నెలలో, గీత వేగాన్ని మార్చే పెద్ద స్విచ్చి బిగుసుకుపోయింది. ఇలాంటప్పుడు ఉస్తాద్ పద్ధతి ఒకటే: స్పిరిట్, మెత్తని బ్రష్, ఓపిక. ఆ రోజు ఉస్తాద్ ఏదో పెండ్లికి ముప్కాల్ పోయాడు. షాపులో స్పిరిట్ అయిపోయింది. ఓపిక నా దగ్గర మొదటి నుంచీ నిల్వ లేదు. రిపేరుకొచ్చిన కుట్టుమిషను పక్కన దాని నూనెడబ్బా కనిపించింది. సన్నటి ముక్కు. స్విచ్చి సందులోకి ఎంత చక్కగా దూరిందంటే, దీనికోసమే చేశారేమో అనిపించింది. నాలుగు చుక్కలు వేశాను. స్విచ్చి వెన్నలా తిరిగింది. నూనెలోంచి కరెంటు పారదని మాకు కాలేజీలో చెప్పారు. ఆ పేపర్లో నాకు ఫస్ట్ క్లాసు.

పసుపు సీజను వచ్చింది. గీత దూకడం మొదలైంది. ఒక్కోసారి మాయమయ్యేది. ఉస్తాద్ పెట్టె విప్పి, లోపలి వోల్టేజీలు చూశాడు. కెపాసిటర్లు మార్చాడు. టంకాలన్నీ కొత్తగా పెట్టాడు. పెన్సిల్‌తో ఒక్కో భాగాన్నీ డాక్టరు వీపు తట్టినట్టు తట్టాడు. ఆ స్విచ్చిని మాత్రం తిప్పి చూసి, "గిదొక్కటే మంచిగున్నది" అన్నాడు. నేను పక్కనే నిలబడి టార్చి పట్టుకున్నాను. టార్చి వణకలేదు. అది ఇప్పటికీ నాకు అర్థం కాదు.

వారం తర్వాత ఉస్తాద్ స్కోపు మూత లోపల వేలు రాసి చూసుకున్నాడు. పసుపు దుమ్ము అంటుకుంది. నేరుగా గోడ దగ్గరికి పోయాడు.

"నీ గిర్ని నా స్కోపు పానం తీసింది పటేలా."

"ఇన్నేండ్ల సంది పక్కపక్కనే ఉన్నం గద ఖాదర్ భాయ్. దుమ్ము ఇప్పుడే పుట్టిందా?"

"అంటే నాకు పని రాదంటవ్."

"గట్ల నేనెప్పుడన్న?"

"మనసుల అన్నవ్."

మర్నాడు గోడ మీద అడ్డంగా రేకు లేచింది. పదకొండింటికి చాయ్ వచ్చింది. కాక అలవాటుగా రెండు గ్లాసుల్లో పోశాడు. రెండోదాన్ని కాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు. అప్పుడు చెప్పవచ్చు కదా? చెప్పాలనే పోయాను. చాయ్ చల్లారుతోందని ముందు తాగాను. మర్నాటి నుంచి రోజూ ఆ రెండో గ్లాసు నాదే అయింది.

ఆ తర్వాత ఎన్ని రకాలుగా సర్దిచెప్పుకున్నానో మీకు చెబితే నవ్వుతారు: నూనె నాదే కావచ్చు, దుమ్ము మాత్రం కాకదే, దుమ్ము లేకపోతే నూనె ఏం చేసేది, కాబట్టి తప్పు కూడా వన్ బై టూ, అందులో నా వాటా సగమే అని లెక్క తేల్చుకుని, ఆ సగాన్ని కూడా ఎవరికీ చూపించకుండా తొమ్మిదేళ్లు దాచాను. స్కోపు బట్ట కప్పుకొని మూలన కూర్చుంది. ఉస్తాద్ కష్టమైన బోర్డులు తీసుకోవడం మానేశాడు. "చెయ్యి ఎనకటి లెక్క లేదు" అనేవాడు. చెయ్యి బాగానే ఉందని నాకు తెలుసు. స్విచ్చి తుడవడం నాకు అరపూట పని. కానీ అది బాగైతే, ఏం బాగైందో చెప్పాలి.

మొన్న ఉస్తాద్ స్కోపు వైపు చూసి, "ఇగ దీన్ని పాత ఇనుపసామానోనికి ఇచ్చెయ్ డిగ్రీ" అన్నాడు.

ఉస్తాద్ భోజనానికి పోగానే విప్పాను. ప్లగ్గు పీకి, లోపల మిగిలిన కరెంటు దిగేదాకా ఆగి, స్విచ్చి బయటికి తీశాను. నా నూనె, కాక పసుపు కలిసి చక్కటి ముద్ద అయ్యాయి. పెండ్లికొడుకుకు పెట్టే నలుగు అచ్చం అలాగే ఉంటుంది. మా స్కోపుకు తొమ్మిదేళ్లుగా నలుగు ఆరలేదు. స్పిరిట్, బ్రష్, ఈసారి ఓపిక. బిగించి, ప్లగ్గు పెట్టి ఆన్ చేశాను. అద్దం మెల్లగా వెచ్చబడింది. ఆకుపచ్చ గీత వచ్చి, కదలకుండా నిలబడింది.

వెనక ఉస్తాద్ ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"ఏం మార్చినవ్?"

"ఏం మార్చలే ఉస్తాద్. తుడిచిన."

బల్ల మీద పసుపు అంటిన తుడుపు గుడ్డ ఉంది. ఉస్తాద్ దాన్ని ఎత్తి చూశాడు. "సూసినవా? నేను చెప్పలే? గిర్ని దుమ్మే."

మీతో అబద్ధమెందుకు, ఇంకొక్క నిమిషం నోరు మూసుకుంటే చాలని అనిపించింది. సాక్ష్యం కూడా నా వైపే ఉంది. అలాంటప్పుడు నోరెలా తెరుచుకుందో తెలియదు.

"దుమ్ము గాదు ఉస్తాద్. నూనె. నేనే పోసిన. మీరు ముప్కాల్ పోయిన్నాడు."

ఉస్తాద్ నన్ను తిట్టలేదు. క్షమించలేదు కూడా. స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద మూడుసార్లు కొట్టాడు. కాక ఒంటినిండా పసుపుతో, ఏం కొంప మునిగిందోనన్నట్టు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "మల్ల చెప్పు" అన్నాడు ఉస్తాద్ నాతో.

మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం కాస్త సులువే. గుండె తేలికైందని పెద్ద మాటలు అనను కానీ, చాలా రోజుల తర్వాత బాగా ఆకలేసింది.

కాక ఆకుపచ్చ గీతను చూశాడు. ఉస్తాద్‌ను చూశాడు. చివరికి నన్ను చూశాడు.

"అంటే తొమ్మిదేండ్ల సంది ఖాదర్ భాయ్ చాయ్ నువ్వు తాగుతున్నవ్."