గొర్రెల సౌరినా మీద కట్టిన పాట

సౌరినాను నిన్న పాతిపెట్టాం. మట్టి కప్పిన చేతులు ఇంకా కడుక్కోనేలేదు, శ్మశానం గోడ అవతల ఎవడో వెధవ ఆ పాట అందుకున్నాడు. చచ్చినా వదలరా? ఛీ! పెయ్రసెక్ ఊరంతా రొట్టెలు కాల్చుకు తీరాల్సిన కోటవారి బట్టీ ఎప్పటినుంచో నా చేతిలోనే ఉంది, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో నాకు తెలియకుండా పోదు. సౌరినా చెయ్యి నరకడం ఇక ఎవరివల్లా కాదు కనక ఉన్నదున్నట్టు చెబుతాను. నా పేరు రిక్సెండ. వినడం ఇష్టం లేనివాళ్ళు, కోట ఒప్పుకుంటే, మీ పిండి మీ ఇళ్ళలోనే కాల్చుకోండి.

సౌరినా గట్టి ఎముకల మనిషి. గడ్డం మీద పుట్టుమచ్చ, అందులో రెండు వెంట్రుకలు. పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ బార్లీ రొట్టె తినేది, నవ్విందంటే బట్టీలో బూడిద లేచేది. మొగుడు బెర్మోన్ నెమ్మదస్తుడు. ఎండలు రాగానే మగవాళ్ళంతా మందల్ని కొండల మీదికి తోలుకుపోతారు కదా, అతనూ పోయేవాడు. కుంటివీ, పాలిచ్చేవీ మిగిలితే వాటిని సౌరినా ఊరి పైనున్న ముళ్ళగుట్ట మీద మేపేది.

కోటలో ఇజార్న్ దొర అని ఒక గుర్రపు వీరుడుండేవాడు. కోట దొరసాని ఐగ్లీనా మీద ఆయనకు ప్రేమ. ఆవిడకు మొగుడున్నాడు, ఆ మొగుడు పక్కనే కూర్చుని వేటమాంసం నములుతుంటాడు. అయినా కోటల్లో అది తప్పు కాదట, గొప్ప గుణమట! ఒక ఏడాది ఆవిడ తనను చూసి నవ్వేదాకా ఉప్పు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయనొక్కడికీ వేరే కుండ పెట్టలేక వంటవాళ్ళు చచ్చారు. ఇంకోసారి ఆవిడ రుమాలు జారిపడితే సభ మధ్యలో మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి నోటితో అందుకున్నాడు. చూసినవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఆడది దేవత అని పాటలు కట్టేవాడు. ఆ ఆడవాళ్ళలో మేం లేమని మాకు ముందే తెలుసు.

ఆ ఏడు మగవాళ్ళు కొండలెక్కిన కొద్ది రోజులకే సౌరినా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. పైబట్ట భుజం దగ్గర చిరిగి వేలాడుతోంది.

"ఏమైందే?" అన్నాను.

"ఆ ఇజార్న్ దొర, అక్కా! గుర్రం దిగి 'పిల్లా, నీ కళ్ళు' అంటూ ఏదో వాగాడు. నాకు పనుంది, పో దొరా అన్నాను. మీద పడ్డాడు. కర్రతో మూతి మీద ఒక్కటిచ్చాను. పన్ను ఊడిందక్కా! గడ్డిలో పాకుతూ వెతుక్కున్నాడు. దొరికాక రుమాల్లో మూట కట్టుకుని మరీ పోయాడు."

ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. నవ్వి నవ్వి ఆగాక నాకు కోట చట్టం గుర్తొచ్చింది. దొరల మీద చెయ్యెత్తిన పల్లె మనిషికి ఆ చెయ్యి మణికట్టు దగ్గర నరికేస్తారు.

"ఒసేయ్, ఈ మాట నీ మొగుడికి తప్ప ఎవరికీ చెప్పకు. చెయ్యి పోతుంది."

"వాడు మాత్రం చెప్పుకుంటాడా, గొర్రెలదాని చేతిలో దెబ్బ తిన్నానని?"

చెప్పుకోలేదు. పాట కట్టాడు.

కోతల వేళకు ఫిడేలు వాయించుకుంటూ ఒక పాటగాడు ఆ పాటను ఊళ్ళోకి తెచ్చాడు. పెయ్రసెక్ ముళ్ళగుట్ట మీద, గడ్డాన పుట్టుమచ్చ ఉన్న గొర్రెలు కాసే పిల్ల. దొర బతిమాలితే ముందు పోపొమ్మందట, తర్వాత నవ్విందట, తర్వాత గడ్డి మీద పక్క తనే సర్దిందట. ప్రతి చరణం చివరా ఆ పిల్ల 'మళ్ళీ ఎప్పుడొస్తావు దొరా' అంటుంది. రాగం మాత్రం, దాని దుంపతెగ, ఒక్కసారి వింటే నోట్లోంచి పోదు. సౌరినా బావి దగ్గరికెళ్తే అదే పాట, చర్చికెళ్తే అదే పాట. బట్టీ దగ్గర నా ఎదుటే ఒకతె "ఏమే, మళ్ళీ ఎప్పుడొస్తాడే నీ దొర?" అంది. ఆమె రొట్టెలు మాడ్చి ఇచ్చాను. ఇంకేం చేయగలను?

"ఊరు ఏమన్నా అనుకోనీ అక్కా," అంది సౌరినా. ఆమె అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "బెర్మోన్ నమ్మితే నాకు చాలు. ఈ పాట కొండెక్కి ఆయన చెవిన పడకముందే ఆపాలి."

ఎండాకాలం చివర మరియమ్మ పండగనాడు దొరసాని ఆడవాళ్ళ గోడు వింటుంది. సౌరినా వెళ్ళింది. రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వెనకే నేనూ వెళ్ళాను.

"ఏమిటే నీ గోడు?" అంది ఐగ్లీనా దొరసాని. నిజం చెప్పాలంటే గొంతు తియ్యనిదే.

"అమ్మగారూ, ఇజార్న్ దొర పాట అబద్ధం. నేను నవ్వలేదు, పక్క సర్దలేదు. నా మొగుడు దిగి వచ్చేలోపు ఆపించండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

దొరసాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. హమ్మయ్య, ఆడమనిషి కదా, అర్థమైంది అనుకున్నాను. ఆవిడ పక్కనే నిలబడ్డ ఇజార్న్ వైపు తిరిగింది.

"ఇజార్న్! గొర్రెల కంపు కొట్టేదాని పక్కన కూర్చున్నప్పుడు నన్ను తలుచుకున్నావా, మరిచిపోయావా?"

ఇక మొదలైంది సంత. తలుచుకుని ఉంటే దొరసానికి అవమానమా, మరిచిపోయి ఉంటే అవమానమా అని సభంతా రెండుగా చీలి వాదించుకుంది. ఎవడో గురువుగారు లేచి సూక్ష్మం వివరించాడు. నేలమీద మోకరిల్లిన సౌరినా వైపు ఒక్కరు చూస్తే ఒట్టు. "ఆమెలో మిమ్మల్నే చూశాను దొరసానీ!" అని ఇజార్న్ కాళ్ళ దగ్గర పడి ఏడ్చాడు. థూ!

అప్పుడు దొరసాని మెళ్ళోని వెండి బిళ్ళ తెరిచింది. "నా కోసం పోటీలో ఈటెకు ఎదురెళ్ళి దీన్ని పోగొట్టుకున్నది నువ్వేనా?" అంటూ అందులోది తీసి ముద్దు పెట్టుకుంది.

పన్ను. ముళ్ళగుట్ట గడ్డిలో వెతుక్కున్న పన్ను.

సౌరినా గుర్తుపట్టింది. నోరు తెరిచింది. ఇజార్న్ దొరసాని మోకాలి పక్కనుంచి ఆమెను చూసి చిన్నగా నవ్వాడు, ఊడిన పంటి సందు కనబడేలా. చెప్పవే, చెప్పి చూడు అన్నట్టు. సౌరినా తన కుడిచేతి వైపు చూసుకుంది. నోరు మూసుకుంది.

ఇంతకీ తీర్పేమిటంటే, క్రిస్మస్ దాకా ఇజార్న్ దొరసానికి మొహం చూపకూడదు. అంత కఠిన శిక్షకు సభంతా ముక్కులు చీదింది. సౌరినాకు ఒక నీలం రిబ్బను దొరికింది. "పాట చక్కగా ఉంది, ఆపడమెందుకే? మీ ఊరికీ పేరొస్తుంది," అంది ఆవిడ. బయటికొచ్చాక సౌరినా ఆ రిబ్బను కుక్క మెడకు కట్టింది.

చలి మొదలయ్యే వేళకు మందలు దిగాయి. బెర్మోన్ ఇంటికి కూడా పోకుండా ఆమెను వెతుక్కుంటూ దుమ్ము కాళ్ళతో బట్టీకే వచ్చాడు. ఊరంతా తలుపుల సందుల్లోంచి చూస్తోంది, ఇవాళ దానికి మూడిందని.

"పాట విన్నాను. మా డేరాల్లో కూడా పాడుతున్నారు. నువ్వు చెప్పు," అన్నాడు.

చెప్పింది. నేను బట్టీలోంచి రొట్టెలు తీసే పార పట్టుకుని ఎలా కొట్టిందో చూపించింది కూడా. బెర్మోన్ కన్నార్పకుండా విన్నాడు.

"నమ్ముతున్నావా, ఏమయ్యా?"

"నీ కర్ర దెబ్బ నాకు తెలీదా? నమ్మాను."

సౌరినా మొహం చూడాలి అప్పుడు! నెలల తర్వాత మనిషి నిటారుగా నిలబడింది. నేనైతే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

బెర్మోన్ వెళ్ళి బట్టీ గది తలుపు మూశాడు. "ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఈ అక్కకే."

"అయితే విను. దొరను కొట్టావని బయటపడితే నీ చెయ్యి పోతుంది, గొర్రెలు పోతాయి, నన్ను ఊళ్ళోంచి తరుముతారు. అబద్ధం అని నువ్వు అంటూ ఉంటే, మరి ఏం జరిగిందని ఎవడో ఒకడు అడుగుతాడు. ఇకనుంచి ఎవరడిగినా పాటలో ఉన్నట్టే జరిగిందని చెప్పు."

"నమ్మానన్నావుగా!"

"నమ్మాను కనకే చెబుతున్నా."

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. అదే నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు.

ఆదివారం చర్చి మెట్ల మీద పదిమందిలో మిల్లువాడి పెళ్ళాం సౌరినాను ఆపింది. "ఏమే, మొగుడి ఎదుటే అడుగుతున్నా, ఆ పాట నిజమేనా?"

సౌరినా బెర్మోన్ వైపు చూసింది.

"నిజమే," అంది.

మెట్ల మీద ఆడా మగా విరగబడి నవ్వారు. వాళ్ళతో కలిసి బెర్మోన్ కూడా నవ్వాడు.