ఐదో మంచానికి ఇంటర్వ్యూలు

కెనడాలో, టొరంటో దగ్గరి మిల్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఆ రోజుల్లో ఐదుగురు తెలుగమ్మాయిలు అద్దెకుండేవాళ్లు. ఇక్కడి కాలేజీలు మన పిల్లల్ని విమానాల నిండా రప్పిస్తున్న కాలం అది. బేస్‌మెంట్ ఉండీ అద్దెకివ్వని వాళ్లను మా వీధిలో అందరం జాలిగా చూసేవాళ్లం. నేనూ మా ఆయనా ఐటీ వాళ్లం. అమెరికాలో గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూసి, విసుగెత్తి ఇటొచ్చాం. పైన మేమిద్దరం, మా ఒక్కగానొక్క అమ్మాయి. కింద వాళ్లు. ఎవరి తలుపు వాళ్లది, లాండ్రీ మాత్రం ఉమ్మడి.

ఆ సెప్టెంబరులో కింది ఐదుగురిలో ఒకమ్మాయి ఉద్యోగం దొరికి వేరే ఊరు వెళ్లిపోయింది. ఒక మంచం ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే, టొరంటోలో యూనివర్సిటీలో చేరిన మా అమ్మాయి సొరోరిటీలో కూడా చేరతానంది.

"అంటే ఏంటి?" అన్నాడు మా ఆయన.

"ఆడపిల్లల సంఘమట. అందరూ అక్కచెల్లెళ్లలాగా ఉంటారట," అన్నాను.

"అక్కచెల్లెళ్లు కావాలంటే ఆ ముక్క పద్దెనిమిదేళ్ల కిందట చెప్పాల్సింది," అని ఆయన మళ్లీ ల్యాప్‌టాప్‌లో తల దూర్చాడు.

నాకు నవ్వు రాలేదు. దానికెందుకు కావాల్సి వచ్చిందో నాకు తెలుసు. పొద్దున్నే ట్రైనెక్కి వెళ్లి, క్లాసు కాగానే ఆ ట్రైను కోసమే పరిగెత్తుకొచ్చే పిల్లకు స్నేహితులెక్కడ దొరుకుతారు? తక్కిన వాళ్లు కాఫీకి బయల్దేరే వేళకు ఇది స్టేషన్‌కి బయల్దేరేది. మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద ఒక్కతే కూర్చుని తింటోందని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు.

వాంకూవర్‌లో చదివే మా ఆడపడుచు కూతురికి ఫోన్ చేసి, ఆ భాగవతమంతా చెప్పించుకున్నాను. వాళ్ల క్యాంపస్‌లో అదొక పెద్ద తంతు. ముందు రిజిస్టర్ చేసుకోవాలి, గుంపులుగా విడదీస్తారు, గుంపుకో సీనియర్ అమ్మాయి దారి చూపిస్తుంది. రోజుకిన్ని సంఘాలు చూసి, మనకు నచ్చినవి వరసలో పెట్టాలి. వాళ్లూ మనల్ని వరసలో పెడతారు. వింటుంటే ఎంసెట్ కౌన్సెలింగ్‌లో కూర్చున్నట్టే ఉంది. టొరంటోలో అలా కాదు. ఆ సంఘాలతో మాకు సంబంధం లేదని యూనివర్సిటీ వాళ్లు ముందే చేతులు దులుపుకున్నారు. క్యాంపస్ బయట ఏదో వీధిలో పాత ఇల్లు ఉంటుంది, మనమే వెతుక్కుని వెళ్లాలి, మాట్లాడి రావాలి, పిలుపొస్తే మళ్లీ వెళ్లాలి. ఇక మా కింది వాళ్ల కాలేజీ అంటారా, అది ఒక ప్లాజాలో ఫర్నిచర్ షాపు పైన ఉండేది. క్లాసయ్యాక నిలబడి మాట్లాడుకుందామన్నా మెట్లు తప్ప చోటు లేదు. అందులో సొరోరిటీ ఎక్కడి నుంచి వస్తుంది? వాళ్లకున్నదల్లా మా బేస్‌మెంట్.

మా అమ్మాయి మొదటి రోజు వెళ్లొచ్చి మంచి హుషారుగా ఉంది.

"ఏం అడిగారే?" అన్నాను.

"జస్ట్ టాక్డ్, మామ్. మై సమ్మర్, డాగ్స్, బేకింగ్."

మా ఇంట్లో కుక్కా లేదు, బేకింగూ లేదు. అసలు విషయాలు అడగరా అంటే, అడగకూడదట. అబ్బాయిలు, మందు, మతం, రాజకీయాలు, డబ్బు, ఈ ఐదూ ఎత్తొద్దని వాళ్లకు ముందే ట్రైనింగ్ ఇస్తారట. ఈ ఐదూ తీసేస్తే మనిషిలో ఇక మిగిలేదేంటో నాకు బోధపడలేదు.

ఆ శనివారమే కింద ఐదో మంచానికి ఇంటర్వ్యూలు మొదలయ్యాయి. కింద కూర్చోవడానికి చోటు చాలక మా హాలు అడిగారు. ఓనర్ని కాబట్టి నేనూ ఓ మూల కూర్చున్నాను. నలుగురిలో పెద్ద వరంగల్ అమ్మాయి. కాఫీ షాపులో షిఫ్టు చేసి యూనిఫామ్‌తోనే వచ్చి సోఫా మధ్యలో కూర్చుంది. పక్కన నెల్లూరు అమ్మాయి, నోట్లో మాట దాగదు. వచ్చిన పిల్ల ఇంకా మంచినీళ్ల గ్లాసు కింద పెట్టకముందే ప్రశ్నలు మొదలయ్యాయి.

"బాయ్‌ఫ్రెండ్ ఉన్నడా? ఉంటే ఈడికొస్తడా?"

"తాగతావా? తాగినా పర్లేదు, ఏడవకూడదు."

"శనివారం చికెన్ వండుతవా?"

"మీ ఇంట్లో ఏ పార్టీ? ఎలక్షన్లప్పుడు కొట్టుకోవద్దు గదా, అందుకని."

"రెంట్ ఫస్ట్‌కే ఇస్తావా, షిఫ్టులు లేవని కథలు చెప్తావా?"

అక్కడ నిషేధించిన ఐదూ ఇక్కడ రెండు నిమిషాల్లో తేలిపోయాయి. బాత్రూంలో వెంట్రుకలు తీస్తావా, అలారం ఎన్నిసార్లు మోగిస్తావు లాంటివి ఆ తర్వాత. మా ఆఫీసులో నేను చాలా ఇంటర్వ్యూలు చేశాను, ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చేయలేదు. వచ్చిన వాళ్లలో ఒక్కరూ వాళ్లకు నచ్చలేదు. "బాగా తలాడిస్తంది ఆంటీ, అన్నిటికీ ఓకే అంటది, డౌట్," అని ఒక పిల్లను తీసేసింది వరంగల్ అమ్మాయి. కనీసం ఎందుకు తీసేసిందో చెప్పింది.

మా అమ్మాయికి అదీ దక్కలేదు. రెండోసారి కూడా వెళ్లొచ్చాక ఒక మెయిల్ వచ్చింది. నిన్ను కలవడం మాకెంతో ఆనందంగా ఉంది, ఇక రానక్కర్లేదు అని సారాంశం. నాకు ఒళ్లు మండిపోయింది. నా పిల్లకేం తక్కువ? ఆ మెయిల్ రాసిన దాన్ని మా కింది వాళ్ల ముందు కూర్చోబెట్టాలనిపించింది. మా అమ్మాయి మాత్రం "ఐ యామ్ ఫైన్, మామ్," అని తలుపేసుకుంది. రెండు పూటలా పళ్లెం తలుపు దగ్గర పెడితే పెట్టినట్టే ఉంది. నేను వంటింట్లో పంపు తిప్పి ఏడ్చాను.

మూడో రోజు అది బయటికొచ్చి, సరాసరి కిందికెళ్లి ఆ మంచం నాకివ్వండని అడిగింది.

పైన సొంత గది, సొంత బాత్రూమ్ ఉన్న పిల్ల! నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అది అన్నం తిని వెళ్లింది కాబట్టి నోరు మూసుకున్నాను. "నిర్ణయం మీదే అమ్మా, నేను జోక్యం చేసుకోను," అని వాళ్లతో పెద్దమనిషిలా అన్నాను. లోపల నాకేం బెంగ లేదు. ఓనర్ కూతురిని కాదనే ధైర్యం ఎవరికుంటుంది?

ఉంది. మర్నాడు సాయంత్రం నలుగురూ పైకొచ్చారు.

"ఏమనుకోకండి ఆంటీ, మేం మంచిగ ఆలోచించినం," అంది వరంగల్ అమ్మాయి. "మీ అమ్మాయి మంచిదే. కానీ మాకు సెట్ కాదు."

"ఎందుకు?"

నెల్లూరు అమ్మాయి ఇక ఆగలేకపోయింది. "మీ గురించి మాట్లాడుకోవాలంటే మాకు ఈ ఇంట్లో ఒక్క చోటైనా ఉండాలి కదా ఆంటీ!"

నా ఇల్లు, నా సోఫా, నేనిచ్చిన టీ! ఖాళీ చేయమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సొరోరిటీ వాళ్లకు నచ్చకపోవడానికి కారణమేంటో తెలీదు, ఇక్కడ మాత్రం ఖాయంగా నేనే. నా పిల్లను ఎవరూ వద్దనకూడదని నేను కోరుకుంటుంటే, నా మూలానే వద్దన్నారు.

మా అమ్మాయి ఎప్పటి నుంచి వింటోందో, మేడ మెట్ల మీద నుంచి దిగి నాకూ వాళ్లకూ మధ్య నిలబడింది. నా వైపు చూడలేదు. వాళ్లనే చూస్తూ మాటలు కూడబలుక్కుని అంది.

"మా అమ్మ గురించి... మీకేం తెలుసు? మీరు వన్ ఇయర్. నేను ఎయిటీన్ ఇయర్స్. నా దగ్గర చాలా... చాలా ఉన్నాయి."

నెల్లూరు అమ్మాయి ఫక్కున నవ్వి, తప్పు చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరంగల్ అమ్మాయి మిగతా ముగ్గురినీ ఓసారి చూసింది. "ఒకటి చెప్పు మరి, వింటం," అని దాని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్లింది. తలుపు మూసుకుంది.

నేను వంటింట్లోకి వెళ్లాల్సింది. వెళ్లలేదు, తలుపుకి చెవి ఆనించాను.

"ఎవరే ఆ హీటర్ ముట్టుకుంది? బిల్లు మీ తాత కడతాడా? స్వెట్టర్ లేదా? నేను చచ్చాక వేసుకుంటావా?"

నా గొంతే. ఎక్కడ ఆగుతానో అక్కడే ఆగి, ఎక్కడ సాగదీస్తానో అక్కడే సాగదీసింది. ఒక్కసారీ ఇంగ్లీషులోకి జారలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నేను తెలుగులో పిలిస్తే ఇంగ్లీషులో పలికిన పిల్ల, ఇన్నాళ్లూ ఒక్క మాటా పోగొట్టకుండా దాచుకుంది, నన్ను వెక్కిరించడానికి. కింద నవ్వులే నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నది అదే. ఎన్నాళ్లైందో ఆ నవ్వు విని.

'స్వెట్టర్ మాటకి ముందు ఇంకో తిట్టు ఉంటుంది, మర్చిపోయింది' అనుకుంటూ తలుపు తీయబోయాను. కానీ లోపలికి ఏ హోదాలో వెళ్లాలి? వాళ్లు తీసుకున్నది దాన్ని, నన్ను కాదు.