నలభై అక్షరాల గడి

మా బాబాయి ఇరవై మూడేళ్ల క్రితం ఒక మందుల షాపుకి బిల్లులు వేసే ప్రోగ్రాం రాశాడు. రాసి ఊరుకున్నాడా అంటే, అదీ లేదు. షాపు నుంచి ఫోనొస్తే భోంచేస్తూ కూడా ఎత్తుతాడు, ముందు ఎంటర్ నొక్కండి అంటాడు, మళ్లీ కంచం ముందు కూర్చుంటాడు. ఆ సేవకి పైసా పుచ్చుకోడు.

ఇప్పుడు షాపు ఓనరుకి జనం ఫోన్లో కట్టే డబ్బు దానంతటదే బిల్లులో పడాలట. శనివారంలోగా అవకపోతే ఈ పాత ప్రోగ్రాం పీకేసి కొత్తది కొంటానన్నాడు. తనకి చూపు ఆనడం లేదని బాబాయి, ప్రోగ్రాములు రాసే నన్ను పిలిచాడు. నాకెందుకొచ్చిన గొడవరా బాబూ అనుకుంటూనే వెళ్లాను.

పేమెంటు కంపెనీ ప్రతి చెల్లింపుకీ ముప్ఫై ఆరు అక్షరాల నంబరు పంపుతుంది. బాబాయి రసీదు గడిలో పట్టేవి పన్నెండు. చిన్న నంబరు పంపమని నాలుగుసార్లు రాస్తే, నా సందేశం తమకెంతో విలువైనదని నాలుగుసార్లూ జవాబిచ్చారు. ఒళ్లు మండిపోయింది.

వెతగ్గా వెతగ్గా ప్రతి కస్టమరు ఖాతాలోనూ 'వివరం' అని నలభై అక్షరాల గడి కనిపించింది. హమ్మయ్య, ఉన్నది చెరిపేసి నంబరు అందులో వేద్దామన్నాను. బాబాయి ససేమిరా అన్నాడు. ఎందుకో చెప్పడు. పక్కన వేరే ఫైలు రాద్దామంటాడు. అది మూడు రోజుల పని, మాకున్నవి రెండు. కళ్లద్దాలు తుడుచుకుంటాడు, మళ్లీ అదే మాట. ఆయనతో వేగలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. నీ మొండితనం వల్లే నీ ప్రోగ్రాం పోతుందని అనేశాను.

ఆయన కోపగించుకోలేదు. "చెరిపే ముందు ఒక్క ఖాతా తెరువమ్మా. మీ అమ్మది," అన్నాడు.

తెరిచాను. షాపులో మందులిచ్చే ఆవిడ ఆ 'వివరం' గడిలో ఎప్పుడో ఎక్కించిన మాట: "ఖరీదని గుండె బిళ్ల రోజు విడిచి రోజు. కూతురికి చెప్పొద్దంది."

నెలనెలా అమ్మకి డబ్బు పంపేది నేనే. సరిపోతోందా అని ఏనాడూ అడగలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"వదినకి మాటిచ్చాను. నేను చెప్పలేదు, నువ్వే చదివావు," అన్నాడు బాబాయి.

మిగతావీ చూశాను. ఒకాయనకి పెన్సిలిన్ పడదు. ఒకావిడకి వినబడదు, రాసి చూపించాలి. అలాంటివి వేలు. నోరు మూసుకుని వేరే ఫైలు మొదలుపెట్టాను. మూడు రోజుల పని రెండు రోజుల్లో ఎలా అయిందో నా నడుముకి తెలుసు.

శనివారం మొదటి చెల్లింపు నేనే చేశాను, అమ్మ పేరు మీద, ముప్ఫై బిళ్లలకి.