ఒక ముడి మిగిలిపోయిన ఉదయం

పిట్టల కాళ్ళకి రింగులు వేసే రోజున నా పని కుర్చీలో కూర్చుని లెక్కల పుస్తకం రాయడం. వల్లో చిక్కిన పిట్టని విడదీయడం నాకు రాదు. శాంతిపురం దగ్గర చెరువు మీద ప్రతి చలికాలం పిట్టల్ని లెక్కపెట్టే పిచ్చి, బళ్ళో సైన్సు చెప్పే నాకు ఒక్కదానికే ఉంది. అందుకని సముద్రం ఒడ్డున పక్షుల కేంద్రం నడిపే సారు ఈ వైపు వస్తే నాకే ఫోన్ చేస్తారు. అక్కడ రింగు వేసి వదిలిన పిట్టలు మా మెట్టప్రాంతం మీదుగా పోతున్నాయా లేదా అన్నది ఆయన పట్టుదల.

ఆ ఏడు ఆయన ఫోన్ చేసేసరికి మా ఆయన పోయి నాలుగు నెలలు. కుప్పం స్టేషన్లో, రోజూ ఎక్కే బెంగళూరు బండి ఇంకా రాకముందే ప్లాట్‌ఫారం మీద కూలబడిపోయారు. అంతే. సారుకి విషయం తెలుసు. ఈసారికి మీరు రావద్దులెండి, వేరే ఎవరినైనా చూసుకుంటాను అన్నారు. వస్తానన్నాను. ఇష్టమై కాదు. రానని చెప్పాలంటే కారణాలు చెప్పాలి, ఓదార్పులు వినాలి. దానికంటే వస్తాననడమే సులువు. ఏడాది తిరక్కుండా చెరువుగట్లు పట్టుకుని తిరగడం ఏమిటని మా అత్తగారు పక్కింటావిడతో అన్నారు, నాకు వినపడేట్టే. మామూలుగా అయితే ఒళ్ళు మండేది. మండలేదు. డబ్బాలో సంగటి ముద్ద, చట్నీ పెట్టుకుని బయల్దేరాను.

తెల్లవారకముందే చేరాను. సారు రాత్రంతా జీపు నడుపుకుంటూ మదనపల్లె, పుంగనూరు మీదుగా వచ్చారట, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వలలు అప్పటికే కట్టేసి ఉన్నాయి. కట్టింది మేమంతా తాత అని పిలిచే ముసలాయన. బైరెడ్డిపల్లె వైపు మనిషి. వయసులో ఉన్నప్పుడు కౌజుపిట్టల్ని పట్టి పలమనేరు రోడ్డు మీద అమ్మేవాడు. ఫారెస్టువాళ్ళకి ఎన్నిసార్లు పట్టుబడ్డాడో, ఎన్ని దెబ్బలు తిన్నాడో ఆయనకే లెక్క లేదు. ఆ చేతుల పనితనం చూసి సారు ఆయన్ని ఈ పనిలోకి దింపారు. ఇప్పుడు పట్టడం, రింగు వేశాక వదిలెయ్యడం. ఈక చెదరకుండా పిట్టని వల్లోంచి తీయడంలో తాతని మించినవాణ్ణి నేను చూడలేదు.

ఆ రోజు ఆయనకి ముఖ్యమైన రోజు. ఇక్కడి పని సవ్యంగా జరిగితే సముద్రం దగ్గరి కేంద్రంలో ఏడాది పొడుగునా పని ఇస్తామని, ఉండటానికి గది కూడా ఉందని సారు చెప్పారు. తాత ఆ మాట ఊరంతా చెప్పేసుకున్నాడు. సముద్రం ఎప్పుడూ చూడలేదట. అయితే కేంద్రంలో ఒక రూలు ఉంది. మన చేతుల్లో పిట్ట చచ్చిపోతే, ఎవరి పొరపాటో ఆ పేరు పుస్తకంలో రాయాలి. ఆ మనిషి ఇక ఎన్నడూ వలల దగ్గరికి రాకూడదు. అందుకే తాత పొద్దున్నుంచి బీడీ కూడా వెలిగించలేదు.

పని తీరు చెప్తాను. వల్లోంచి తీసిన పిట్టని చిన్న గుడ్డసంచిలో వేసి, మూతి బిగించి, నీడలో కట్టిన తాడుకి తగిలిస్తారు. సంచిలో చీకటిగా ఉంటే పిట్ట బెదరదు. సారు ఒక్కో సంచీ విప్పి, పిట్ట కాలికి రింగు వేసి, రెక్క కొలిచి, తూకం చూసి చెప్తుంటే నేను రాస్తాను. సంచులు ఈసారి నేనే కుట్టాను, మా ఆయన చొక్కాలతో. పోయినవాళ్ళ బట్టలు ఎవరికైనా ఇచ్చేయాలంటారు. బాగా నలిగిన నూలు బట్ట, పిట్టకి గాలి ఆడుతుంది. అంతకు మించి నేనేమీ అనుకోలేదు.

తాతకి చదువు రాదు. ఆయన లెక్క ఆయనది. నడుముకి ఒక పురికొస వేలాడదీసుకుంటాడు. వల్లోంచి ఒక పిట్టని తీస్తే ఒక జారుముడి వేస్తాడు. ఆ పిట్ట ఎగిరిపోతే ముడి లాగేస్తాడు. వలలు విప్పే వేళకి పురికొస నున్నగా ఉండాలి. కౌజులు పట్టే రోజుల నుంచీ అదే అలవాటు. దాన్ని చూసి నేను ఎప్పుడూ ఆటపట్టించేదాన్ని, తాతా నీ కంప్యూటర్ ఆన్ చేసినావా అని. ఆ రోజు అనలేదు. ఆయన కాసేపు నా ముఖంలోకి చూసి, తనే నవ్వేసి ఊరుకున్నాడు.

పొద్దు పొడిచేసరికి తుంగలో రాత్రి పడుకున్న జిట్టంగి పిట్టలు, అవే తోకాడించే పసుప్పచ్చ పిట్టలు, ఒక్కసారిగా లేచాయి. చలికాలానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చినవి. పదీ పదిహేను వల్లో పడ్డాయి. సారు గట్టు మీద నిలబడి, టమోటా తోటల మీదుగా గుంపులు గుంపులుగా పోతున్న గులాబీ గోరింకల్ని లెక్కపెడుతున్నారు. తాత తీసి ఇస్తుంటే నేను పుస్తకంలో రాసుకుంటూ సంచులు తగిలిస్తున్నాను. తాడు నిండిపోయింది. చేతిలో పిట్టతో ఒక సంచి మిగిలింది. అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన పనిచేసిన ఆఫీసు నుంచి. కంపెనీ ల్యాప్‌టాప్ ఎప్పుడు పంపిస్తారు మేడమ్ అని ఒక అమ్మాయి మర్యాదగా అడిగింది. చేతిలోని సంచిని వెనకాల తుమ్మకొమ్మకి తగిలించి మాట్లాడాను. సోమవారం పంపిస్తానన్నాను. థాంక్స్ కూడా చెప్పాను. తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్నాను. సంచి గుర్తు లేదు. పుస్తకంలో రాయనూ లేదు.

తొమ్మిది దాటాక ఆఖరి సంచీ విప్పాం. తాత నా దగ్గరికొచ్చి పురికొస చూపించాడు.

“ఒక ముడి మిగిలుండాదమ్మా. యాడో ఒక పిట్ట ఉండాది.”

పుస్తకం చూశాను. వల్లోంచి తీసినవి, వదిలినవి సరిపోయాయి. ముడి ఎక్కువ పడుంటుందిలే అన్నాను, కాస్త విసుగ్గానే. చదువుకున్నదాన్ని కదా. సారు కూడా పుస్తకమే చూసి సరేనన్నారు. తాత తుంగలో వెతికాడు, వల మడతలు విప్పి చూశాడు, జీపు కింద చూశాడు. నేను సంగటి తిన్నాను. ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు.

పదకొండింటికి తుమ్మ దగ్గర ఆయన ఆగిపోవడం చూశాను. అప్పటికి నీడ జరిగిపోయింది. సంచి నిట్టనిలువు ఎండలో వేలాడుతోంది. చూడగానే అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. లేవలేదు. తాత సంచి విప్పి, పిట్టని అరచేతిలో పెట్టుకుని బల్ల దగ్గరికి తెచ్చాడు. మెడ వాలిపోయి ఉంది.

ఎవరు తగిలించారని సారు అడిగారు. గట్టిగా కూడా కాదు. తాత నా వైపు చూశాడు. నాకు నోరు పెగల్లేదు. పెగల్లేదు అనడం కూడా అబద్ధమేమో, నేను ప్రయత్నించనే లేదు.

“నేనే సార్. ఆడ తగిలిచ్చి మర్సిపోయినాను,” అన్నాడు తాత.

సారు పుస్తకం తెరిచి నా ముందుకి జరిపారు. ఆయనకీ బాధగానే ఉంది. రాయండి మేడమ్ అన్నారు. రాశాను. తేదీ, వేళ, జిట్టంగి, మగది, ఎండదెబ్బ. పొరపాటు ఎవరిది అన్న గడిలో తాత పేరు. దస్తూరి ఎక్కడా వంకర పోలేదు. ఆ పేజీ ఇప్పుడు తలుచుకున్నా నాకు అసహ్యం వేస్తుంది, నా చేతి మీద.

సారు సామాను సర్దడానికి జీపు దగ్గరికి పోయారు. తాత వల చుడుతున్నాడు. పోయి పక్కన నిలబడ్డాను. ఎందుకట్లా చెప్పినావు తాతా, నీ పని పోయింది కదా అని అడిగాను. ఆయన తల ఎత్తలేదు.

“నీ పేరు మీద ఇంకో సావు యాల అమ్మా. ఒగటి సాలదా.”

బల్ల దగ్గరికి వెనక్కి పోయాను. ఆయన పేరు కొట్టేసి, పక్కన నా పేరు రాసి, సంతకం పెట్టి, పుస్తకం తీసుకెళ్ళి సారు చేతిలో పెట్టాను. చదివారు. అయితే మీరింక రావడానికి లేదు మేడమ్ అన్నారు. తెలుసన్నాను. తాత సంగతి ఏమిటని అడిగాను. వచ్చే నెల నుంచి రమ్మని చెప్పండి అన్నారు.

చెప్పాను. తాతకి సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. నేనేదో సర్దితే నువ్వు చెడగొట్టినావే అన్నట్టు చూశాడు.

“నా చేతిలో పోయింది తాతా. అది నాదే,” అన్నాను.

ఆ మాట పైకి అన్నాక గట్టు మీదే కూలబడి, గొంతు చించుకుని ఏడ్చాను. నాలుగు నెలల్లో అదే మొదటిసారి. పిట్ట కోసమా, మా ఆయన కోసమా అని నన్ను అడగొద్దు. తాత ఊరుకోమ్మా అనలేదు. సారు ఇటు రాబోతే, వద్దని చెయ్యి చూపించి ఆపాడు. చుడుతున్న వల పక్కన పెట్టేసి, నాకు కాస్త దూరంలో కూర్చున్నాడు.