మామగారి వెయ్యి కిలోమీటర్లు

మొన్న మా మనవరాలు కొత్త కారు కొనుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరు దాటీ దాటగానే ఎనభై మీద పోనిస్తుంటే, కొన్నాళ్ళు నిదానంగా నడపవే అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కారుతో ఇచ్చే పుస్తకంలో ఇప్పటికీ ఆ సంగతి ఒక మూల రాస్తారట, చదివేవాళ్ళే లేరు.

మా రోజుల్లో కొత్త కారంటే బాలింత కింద లెక్క. మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకూడదు, లోపలి భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని కుదురుకోవాలి అనేవారు మా మెకానిక్ సాయిబుగారు. మా మామగారు ముచ్చటపడి కారు కొన్నారే గానీ, మా ఆయనకూ మరిదికీ నలభైలో నడపడమంటే ప్రాణసంకటం. వెనక బస్సువాడు హారన్ కొడితే చాలు, పౌరుషం పొడుచుకొచ్చేది. రెండో రోజే మామగారు తాళాలు లాక్కుని, "మీ చేతిలో పెడితే ఏడాది తిరక్కుండా ఇంజన్ అరిగిపోయి బోరుకొస్తది. అమ్మాయికి లైసెన్సుందిగా, తనే నడుపుద్ది" అన్నారు. పుట్టింట్లో నేను సరదాపడి తీసుకున్న ఆ లైసెన్సు అప్పటిదాకా బీరువాలో చీరల అడుగునే ఉంది.

అలా రోజూ పొద్దున్నే మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని గన్నవరం దాకా, ఆదివారాలైతే హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి రావడం నా వంతయింది. లారీలు సరే, పాలక్యాన్లు కట్టుకున్న మోపెడ్ కూడా నన్ను దాటిపోయేది. అయినా ఇద్దరు పిల్లల తల్లిని, ఆ కాసేపూ నాకు వంటగది గుర్తొచ్చేది కాదు. అందుకే మీటరు తొమ్మిది వందలు దాటినప్పటి నుంచీ ఒకటే దిగులు. వెయ్యి నిండితే తాళాలు మగవాళ్ళ చేతికి, నేను వెనక సీటుకి.

వెయ్యీ నిండింది. మా ఆయన తాళాలకు చెయ్యి చాపితే, ఇంజన్ ఇంకా కుదురుకోలేదనీ, సాయిబుగారు మరో రెండు వేలు ఆగమన్నారనీ చెప్పారు మామగారు. అవి అయ్యాక మరో రెండు వేలు. ఈలోగా పిల్లల బడి, అత్తగారి ఆసుపత్రి అన్నీ నా చేతి మీదుగానే నడిచి, ఇంట్లో తాళాలు అడగడమే మానేశారు.

మామగారు పోయిన ఏడాదికి, సర్వీసుకి వెళ్ళినప్పుడు ఆ రెండేసి వేల మాట ఎత్తితే సాయిబుగారు నవ్వేశారు. "ఇంజన్ వెయ్యికే సెట్టయిందమ్మా. పెద్దాయనే అన్నారు, ఇంకా అవలేదని చెప్పవయ్యా, ఆ పిల్ల దగ్గర్నించి తాళాలు తీసుకోబుద్ధి కావట్లా అని."

ఈ రోజుల్లో ఆడపిల్ల కారు నడపడానికి ఎవరూ అబద్ధమాడక్కర్లేదు. మంచిదే, అలాగే ఉండాలి. కానీ పొరపాటున కూడా మాట తప్పని ఆ మనిషి నా కోసం అన్నాళ్ళు అబద్ధమాడారు. ఆయన ఉండగా తెలిసి ఉంటే ఒక్కసారైనా కాళ్ళకు దండం పెట్టుకునేదాన్ని.