మావయ్యగారు కళ్లకద్దుకున్న ఆకు

నా మొహం ఎందుకిలా పొంగిందని పొద్దుట్నుంచీ మిల్లులో ప్రతివాడూ అడుగుతున్నాడు. "ఏటండీ, పుట్టినరోజు గట్టిగానే అయినట్టుంది" అని వెటకారం ఒకటి. గట్టిగానే అయింది. టీ చెప్పండి, మొత్తం చెప్తాను.

శనివారం నాకు నలభై ఐదు నిండాయి. ఒక సీఎల్ పడేసి, ఆదివారం ఆఫ్‌తో కలిపి రెండు రోజులు సంపాదించాను. ఆదివారమే వినాయక చవితి. పైగా విజయనగరం నుంచి మావయ్యగారు, అంటే మా ఆవిడ నాన్నగారు, ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి మరీ దిగారు. పెళ్లై పద్దెనిమిదేళ్లయినా ఆయన నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. పెళ్లిలో తాళి కట్టమంటే నేను పందిట్లో మామిడాకులు ఊగడం చూస్తూ ఉండిపోయానట. "మా అల్లుడు నిల్సునే కలలు కంటాడు" అని ఇప్పటికీ ఊరంతా చెప్తారు. ఈసారి ఆయన నోట ఒక్క మంచి మాట వినాలి. నాకు పుట్టినరోజు కానుక ఇంకేమీ అక్కర్లేదు.

దానికి నా దగ్గర సరంజామా సిద్ధంగా ఉంది. భిలాయిలో చవితికి ఇరవై ఒక్క పత్రులు పోగెయ్యడం ఎంత కష్టమో మీకు తెలుసు. పోయినేడు మా సెక్టార్ తెలుగువాళ్ల పందిట్లో లెక్క చాలక జామాకుల్నే రెండు పేర్లతో వేసేశాం. అన్నిటికంటే ముందు రావాల్సిన మాచీపత్రాన్ని మా వీధిలో చూసినవాళ్లే లేరు. అలాంటిది, జూన్‌లో తొలి వానకి మా క్వార్టర్ వెనక అవే మొలిచాయి! పూజ పుస్తకంలో బొమ్మ పక్కన పెట్టి చూశాను. చీలికలు చీలికలుగా ఆకు, అచ్చం అదే. ఆ బొమ్మ చిటికెనవేలి గోరంత ఉంటుంది. కొత్తిమీర పెట్టి చూసినా సరిపోయేదేమో, కానీ అప్పుడు తోచలేదు.

చుట్టూ ఇటుకలు పాతి సున్నం వేశాను. పశువుల ఎరువు తెచ్చి వేశాను. మొగ్గ కనిపిస్తే చాలు, ఆకు గుబురుగా రావాలని గిల్లేసేవాణ్ణి. సెకండ్ షిఫ్ట్‌కి వెళ్లేముందు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటే, చిరుగాలికి అవి తలలాడిస్తుంటే, ఒంటికి ఏదో మత్తు కమ్మేది. అలా రెండుసార్లు డ్యూటీ బస్సు పోయింది.

శనివారం పొద్దున్నే వాటిని చేతుల్తో నిమిరి, మా అమ్మాయి శిరీషని తీసుకుని స్విమ్మింగ్ పూల్‌కి వెళ్లాను. వెల్లకిలా తేలుతూ కళ్లు సగం మూశాను. చెవుల నిండా నీళ్లు, పైన తెల్లమబ్బులు. ప్రపంచంలో షిఫ్టులనేవే లేనట్టుంది. ఒక మబ్బు మెల్లగా మావయ్యగారిలా మారింది. నవ్వుతున్నారు కూడా.

"పప్పా, సో రహే హో క్యా? నీళ్లలో నిద్రేంటి, అందరూ వెళ్లిపోయారు" అని శిరీష నా కాలు పట్టి లాగింది.

బయటికొచ్చేసరికి మోచేతుల దాకా దద్దుర్లు, ఒకటే దురద. తిన్నగా పూల్ చూసుకునే భయ్యా దగ్గరికెళ్లి, నీళ్లలో మందు ఎక్కువేశావని దెబ్బలాడాను. ఆయన పాపం నమ్మి, సారీ కూడా చెప్పాడు.

ఆదివారం పందిట్లో పళ్లెం నిండా నా ఆకులే. పంతులుగారు కూడా భిలాయిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆ ఆకు చేతిలోకి తీసుకుని మురిసిపోయారు. అప్పుడు మావయ్యగారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లకి శుక్లాలు. ఒక రెమ్మ తీసి భక్తిగా కళ్లకద్దుకుని, "మా అల్లుడే పెంచినాడండి. సొంత బిడ్డనాగ సాకినాడు" అన్నారు.

నేను నేలమీద లేను. పూల్‌లో కూడా అంత తేలలేదు.

"మాచీపత్రం పూజయామి" అనగానే జనం గుప్పెళ్లతో వేశారు. రెండో పేరు చదవబోయి పంతులుగారు తుమ్మారు. తమాయించుకుని మళ్లీ తుమ్మారు. ముందు వరసలో ఆడవాళ్లు మెడలు గోక్కోవడం మొదలెట్టారు. ఇంతలో పూజ చూడ్డానికొచ్చిన మా పక్క క్వార్టర్ సుఖ్‌బతీ దీదీ పళ్లెంలోకి వంగి చూసింది.

"భయ్యా, గణేశ్‌జీ లా గాజర్ ఘాస్ కాబర్ చఢావథవ్?"

గణపతికి గాజర్ ఘాస్ ఎందుకు పెడుతున్నావంటోంది. గాజర్ ఘాస్ అంటే తెలుసుగా, మనవైపు వయ్యారిభామ అంటారే, రోడ్ల పక్కనా పట్టాల పక్కనా మొలిచే ఆ పిచ్చిమొక్క. ముట్టుకుంటే దద్దుర్లు, పీలిస్తే తుమ్ములు. తెల్లటి పూలు పూస్తే పసిపిల్లలైనా గుర్తుపడతారు. నేను పూయనిస్తేగా. పోయిన నెల సెక్టార్‌లో దాన్ని పీకే శ్రమదానంలో నేనూ ఉన్నాను, చేతులకి గ్లవ్స్ వేసుకుని మరీ.

"నానప్పుడే అనుకున్నాను" అన్నారు మావయ్యగారు, ఎవరూ అడక్కుండానే.

"ఏటి నాన్నా అనుకున్నావు, కళ్లకద్దుకున్నావు కదేటి" అంది మా ఆవిడ. ఆయన ఆ కళ్లే నలుపుకుంటున్నారు. అప్పటికే ఒక కన్ను మూసుకుపోయింది.

మధ్యాహ్నం అందరికీ కాలమైన్ రాసి, క్షమాపణలు చెప్పి, పెరట్లో కూర్చుని ఒక్కొక్క మొక్కే పీకాను. మూడు నెలలు పెంచినవి కదా, నిజంగానే మనసు చివుక్కుమంది. ముక్కు కారుతోంది, కళ్ల నుంచి ధారలు. మావయ్యగారు మిగిలిన ఒంటి కన్నుతో చాలాసేపు చూసి దగ్గరికొచ్చారు.

"ఊరుకో బాబూ" అని నా భుజం మీద చెయ్యేశారు. "మొక్కేదైతే ఏటి. నువ్వు పెంచినట్టు ఎవుడు పెంచుతాడు?"

పద్దెనిమిదేళ్లకి దక్కిన మాట. అది ఏడుపు కాదు, ఎలర్జీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంటుందని, మిగిలిన మొక్కల్ని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని పీకాను.